మామ మోసిన డబ్బా

రక్తం అడిగితే మనిషి చెయ్యి చాపుతాడు. మలం అడిగితే ఇంటిదారి పడతాడు. నా సర్వీసంతా ఈ రెండో రకం మనుషులతో బేరమాడటంలోనే గడిచింది.

ల్యాబ్ టెక్నీషియన్‌గా రిటైరై, ఇప్పుడు ఖమ్మంలో మా తమ్ముడి కిరాణా కొట్టులో ఓ మూల కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. కొత్తగా ఈ ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, అనుభవాలు చెప్పమంటారు. సబ్బో పప్పో కొంటారన్న ఆశతో చెబుతాను. కొనరు. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను. చదువుకుని కొట్టు దాకా రాకపోయినా ఫరవాలేదు.

మా నాన్నది కూడా అదే కొట్టు. మిరపకాయల సీజన్లో బస్తాలు కూడా కొని అమ్మేవాడు. బస్తా వచ్చిందంటే ముందు మూతి విప్పి రంగు చూసేవాడు, గుప్పెడు తీసి వాసన చూసేవాడు, కాయ విరిచి చప్పుడు వినేవాడు. కాటా దాకా వెళ్లడం ఆ తర్వాతే. అమ్మడానికి వచ్చిన ప్రతివాడూ అడుగున తాలుకాయలు పెట్టి ఉంటాడనేది ఆయన నమ్మకం. నాకు ఆస్తిగా వచ్చినవి ఈ రెండే: సరుకును ముందు కంటితో చూడటం, సరుకు తెచ్చినవాణ్ణి నమ్మకపోవడం. మొదటిది నాకు ఉద్యోగంలో బాగా పనికొచ్చింది. రెండోది ఎంత పనికొచ్చిందో కింద చెబుతాను.

నేను ఎక్కువ కాలం పనిచేసింది ములకలపల్లి అవతల, అడవి అంచున ఉన్న ఒక చిన్న దవాఖానాలో. అక్కడ మలేరియా తర్వాత నాకు ఎక్కువ పని పెట్టింది కడుపులో పురుగులే. ఏలికపాములు, కొంకి పురుగులు, అప్పుడప్పుడూ బద్దెపురుగు. ఏలికపాము నయం, ఒక్కోసారి తనంతట తనే బయటపడి ఇంటిల్లిపాదినీ కేకలు పెట్టిస్తుంది. కొంకి పురుగు అలా కాదు. తడి మట్టిలో చెప్పుల్లేకుండా నడిచే పాదం గుండా లోపలికి పోతుంది, పేగుకు కరుచుకుని రక్తం తాగుతుంది, బయటికి కనిపించదు. అది ఉందని తెలియాలంటే దాని గుడ్లు మలంలో దొరకాలి. గుడ్లు దొరకాలంటే మలం నా బల్ల మీదికి రావాలి. బేరమంతా ఇక్కడే.

చిన్న డబ్బా ఇచ్చి, "చింతగింజంత చాలు" అని చెప్పేవాణ్ణి. కొందరు అసలు తెచ్చేవారు కాదు. తెచ్చినవాళ్లు డబ్బా సరిపోదని పచ్చడి సీసా నిండా తెచ్చేవారు. పుట్టి బుద్ధెరిగాక నేను కొసరు వద్దన్న సరుకు ఇదొక్కటే.

ఇక అసలు సంగతి. రిటైర్మెంటుకు కొద్దికాలం ముందు మా దవాఖానాకు ఒక డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, నిదానం మనిషి. ఏదైనా తెలియకపోతే తెలియదనేది, అది నాకు మొదట్లో వింతగా ఉండేది. ఊళ్లలో తిరిగే సిస్టర్ మాత్రం పాతకాపు. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో ఎవరు నెల తప్పారో ఆ ఇంటివాళ్లకంటే ముందు ఆమెకు తెలిసేది. నేనంటే ఆమెకు అభిమానమే గాని, నన్ను "సేటు" అని పిలిచేది. ఎందుకంటే స్పిరిట్ దూది అడిగినా నేను తూచి ఇస్తానని.

ఆ సిస్టర్ తెచ్చిన కేసే ఇది. తొలి కాన్పు పిల్ల, ఏడో నెల. పుట్టిల్లు జూలూరుపాడు వైపు. పెళ్లికి ముందూ, పెళ్లయ్యాకా చేలల్లో చెప్పుల్లేకుండా పనిచేసిన పిల్ల. భర్త బోరు బండి మీద పనికిపోయి ఎక్కడో దూరాన ఉన్నాడు. అత్తామామల దగ్గర ఉంటోంది. పిల్లలో రక్తం ఎంతకీ ఏడు గ్రాములు దాటడం లేదు. ఇనుము గోలీలు ఇచ్చి నెలలవుతున్నా సూది మొనంత కూడా పెరగలేదు. గర్భిణులకు వేసే పురుగుల గోలీ ఆమెకు తప్పిపోయింది. ఆ నెలలో పిల్ల పుట్టింట్లో మిరప కోతల్లో ఉంది.

"ఈ రక్తంతో కాన్పుకు వెళ్తే, కొంచెం ఎక్కువ రక్తం పోయినా తల్లి దక్కదు," అంది డాక్టరమ్మ నాతో. "పైగా వానలు మొదలయ్యాయి. వాగులు పొంగితే భద్రాచలం తీసుకెళ్లే దారి కూడా ఉండదు. పురుగులున్నాయేమో చూడండి."

పిల్ల మామ తాపీ మేస్త్రి. ఊళ్లో చర్చి సంఘానికి పెద్ద కూడా. గట్టి గొంతు, గట్టి మీసం. డబ్బా ఆయన చేతికే ఇచ్చాం. ఎందుకంటే పొద్దున్నే పనికి పోతూ దవాఖానా మీదుగా వెళ్లేది ఆయనే. ఆయన భార్య పొద్దుట బడిలో పిల్లలకు అన్నం వండే పనికి పోవాలి. ఏడు నెలల కడుపుతో కోడలు బస్సులో ఎగిరెగిరి పడుతూ డబ్బా తేలేదు. మా లెక్క సరిగ్గానే ఉంది అనుకున్నాం.

మర్నాడు మేస్త్రి బండి హ్యాండిల్‌కు మిఠాయి దుకాణం కవరు తగిలించుకుని వచ్చాడు. వరండాలో ఉన్నవాళ్లు అడగనే అడిగారు.

"ఏంది పెద్దన్నా, మిఠాయా?"

"నా కోడలు డబ్బరా. పరీచ్చకు. తింటవా?" అన్నాడు దవాఖానా అంతా వినబడేలా.

డబ్బా తీసి చూశాను. ఒక చుక్క ఉప్పునీళ్లలో కలిపి మైక్రోస్కోపు అద్దం కింద పెట్టాను. ఏమీ లేదు. ఇంకో డబ్బా ఇచ్చి పంపాను. కొన్ని రోజుల తర్వాత రెండోది వచ్చింది. ఈసారి తేల్చి చూశాను. ఉప్పు కరిగినంత కరిగించి చిక్కటి నీళ్లు చేస్తారు, చిన్న గొట్టంలో అంచుదాకా పోస్తారు, మలం కలిపి పైన గాజుపలక ఆనిస్తారు. గుడ్లు తేలికైనవి కనుక పైకి తేలి పలకకు అంటుకుంటాయి. ఉప్పు అమ్మిన ఇంట్లో పుట్టిన నాకు ఈ పద్ధతి మీద ప్రత్యేకమైన ప్రేమ. అయినా ఏమీ తేలలేదు. గుడ్లు, పురుగులు కనిపించలేదు అని రాసిచ్చాను.

అక్కడ కథ అడ్డం తిరిగింది. సరే, పరీక్షలో దొరక్కపోయినా గోలీ వేసేద్దాం, ఈ నెలల్లో దానివల్ల ప్రమాదం లేదు అని డాక్టరమ్మ అంటే, మేస్త్రి ఒప్పుకోలేదు.

"పురుగుల్లేవని మీరే కాయితం ఇస్తిరి. లేని పురుగులకు మందెందుకమ్మా? మొన్న బడిల గదే గోలీ ఏస్తే ఇద్దరు పిలగాండ్లు కక్కిన్రు. కడుపుతోని ఉన్న పిల్ల అది. నేనియ్య."

భద్రాచలం పెద్ద దవాఖానాకు తీసుకెళ్లి రక్తం ఎక్కించమంటే, "రోగమేందో చెప్పున్రి, తోల్కపోత," అన్నాడు. రోగమేందో చెప్పాల్సింది నేను. నా కాగితమేమో రోగం లేదంటోంది. నేను రాసిన ముక్కే ఆ పిల్లకూ మందుకూ మధ్య తలుపు వేసినట్టు నిలబడింది.

మూడో డబ్బా వచ్చింది గర్భిణుల పరీక్షల రోజు. ఆ రోజు ముగ్గురూ వచ్చారు. మేస్త్రి డబ్బా పట్టుకుని బండి మీద, అత్తాకోడళ్లు ఆటోలో. పిల్లను నేను దగ్గరగా చూసింది అప్పుడే. పెదవులు సున్నం కొట్టినట్టున్నాయి. వరండా రెండు మెట్లు ఎక్కి, స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. అత్త పైటకొంగుతో ఆమె మొహం తుడిచింది.

మూడోసారీ పలక మీద ఏమీ లేదు. నాకు ఉక్రోషం వచ్చింది. మళ్లీ డబ్బా దగ్గరికి వెళ్లి మా నాన్నలాగా సరుకును కంటితో చూశాను. గోధుమ రంగు. ముందు రెండింటికీ అదే రాశాను. అప్పుడు బుర్రలో దీపం వెలిగింది. ఇనుము గోలీలు మింగేవాళ్లకు మలం నల్లగా రావాలి. ఇది గోధుమ రంగు. అంటే పిల్ల గోలీలు మింగడం లేదు. పారేస్తోంది. రక్తం ఎక్కడినుంచి పెరుగుతుంది?

దొంగను పట్టిన మొహంతో డాక్టరమ్మ గదిలోకి వెళ్లి, మేస్త్రి ఉండగానే చెప్పేశాను. పిల్ల తల దించుకుంది. బయటినుంచి సిస్టర్ విని లోపలికొచ్చింది.

"ఏమన్నవ్ సేటూ? గోలీలు మింగుతలేదా? ఊరికి పోయినప్పుడల్లా నా ముందట ఏపిస్తున్న. నీళ్లు తాగినంక నోరు తెరిపిచ్చి చూస్తున్న. పట్టీల గోలీలు లెక్కవెట్టుకొని వస్తున్న. నువ్వు గాడ కూసొని రంగులు చూసి మాట్లాడుతవా?"

"రంగు అబద్ధం చెప్పదు సిస్టరమ్మా."

"ఐతే నేను చెప్తున్నట్టా?"

మేస్త్రి లేచాడు. ఆయన గొంతు తగ్గింది, దానికి నాకు ఇంకా భయమేసింది. "సారూ, మా ఇంట్ల అబద్ధమాడే అలవాటు లేదు. మొన్న రోగం లేదంటివి. ఇయ్యాల దొంగ అంటున్నవ్. చాలు. కాన్పు మా ఊరి మంత్రసాని చేస్తది. ఇగ రాము." భార్యకేసి చూసి, "నడువున్రి," అన్నాడు.

డాక్టరమ్మ మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. "వెళ్దురుగాని. బయట వాన మొదలైంది, తగ్గనివ్వండి. మేస్త్రిగారూ, ఈలోగా చౌరస్తాలో టీ తాగి రండి. నేను అమ్మాయి బీపీ చూస్తాను," అంది. ఆయన కండువా నెత్తిన వేసుకుని వెళ్లాడు. ఆమె నావైపు తిరిగి, "రంగు మీరు చూసింది నిజమే. సిస్టర్ చెప్పేదీ నిజమే. రెండూ నిజమైతే ఏం మిగిలిందో ఆలోచించండి," అంది.

నేను ల్యాబుకొచ్చి ఆలోచించాను. ఎంత ఆలోచించినా నాకు సిస్టర్ అబద్ధమాడుతున్నట్టే తోచింది. పెంపకం అలాంటిది.

కిటికీ దగ్గర చప్పుడైంది. చూస్తే మేస్త్రి భార్య, వానకు చూరు కింద ఒదిగి నిలబడింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"సారూ, ఒక్క ముచ్చట. ఆ గోలీలు మింగితే నల్లగనే వస్తదా?"

"అవ్. నల్లగనే రావాలె."

"అందరికా?"

"మింగినోళ్లందరికీ."

ఆమె కిటికీ ఊచను గోటితో గీకింది. "ఐతే దానిది నల్లగనే వస్తుండొచ్చు."

"మరి డబ్బాల గోధుమ రంగుంది కదమ్మా?"

"డబ్బాలది దానిది కాదు."

"ఎవరిది?"

ఆమె నావైపు చూడలేదు. వాన వైపు చూసింది. "నాది."

నేను ఎన్నో రకాల కల్తీ చూశాను. ఇది కొత్త. "మూడుసార్లూనా?"

"మూడుసార్లు."

"ఎందుకమ్మా గట్ల చేసినవ్?"

"ఎందుకంటవేంది సారూ?" ఈసారి ఆమెకే కోపం వచ్చింది. "డబ్బ మోసేది మామ. కోడలుది మామ చేతికి ఎట్లిస్తం? దాని మొకం మామ ముందట లేస్తదా? పిల్ల ఒకటే ఏడుపు, ఇయ్యనంటే ఇయ్యనని. మీరేమో తేవాలె తేవాలె అంటిరి. నాదైతే నా మొగడే గద మోసేది. దాంట్ల తప్పేముంది? ఒకింటి తిండే తింటున్నం, ఇద్దరిదీ ఒక్కతీరే ఉంటదనుకున్న."

కోడలి మర్యాద, మొగుడి మర్యాద, దవాఖానా మాట, మూడూ నిలబెట్టింది. ఇంతకంటే న్యాయంగా మా నాన్న కూడా పంచేవాడు కాదు.

"చెప్పులేసుకుంటవా అమ్మా నువ్వు?"

"బడిల వంట గదా, ఏసుకోకుంటే సారు ఊకోడు. బడిల పిల్లలకు పురుగుల గోలీలు ఏసిన నాడు నేను సుత ఒకటి ఏసుకుంటి."

అదీ సంగతి. అందుకే అంత శుభ్రంగా ఉంది. నేను ఇన్నాళ్లూ ఆ దవాఖానాలోకెల్లా ఆరోగ్యవంతురాలి మలాన్ని ఉప్పునీళ్లలో తేలుస్తూ కూర్చున్నాను.

అప్పుడు మొదలైంది బేరం. నాకు పిల్లది కావాలి, ఇప్పుడే, ఇక్కడే. ఆమె ససేమిరా అంది. ఇంతమంది ముందు పిల్ల డబ్బా పట్టుకుని ఎలా నడుస్తుంది? వెనక వార్డు పక్కన మరుగుదొడ్డి ఉంది, పిల్ల డబ్బా అక్కడే వదిలేస్తే చాలు, నువ్వు పైట కింద పెట్టుకుని గోడవారగా ఈ కిటికీకే తీసుకురా, అన్నాను. సరేనంది, కానీ ఆమె షరతు ఆమె పెట్టింది.

"ఆయనకు తెల్వొద్దు. సంఘం పెద్ద సారూ. మూడుసార్లు ఊరంత చెప్పుకుంట మోసిండు. నాదని తెలిస్తే కోపం కాదు, ఆయనకు మొకం ఉండదు."

"డాక్టరమ్మకు చెప్పాలె."

"చెప్పు. ఆడిమనిషే గద. సిస్టర్‌కు సుత చెప్పు. ఆయనకొద్దు."

"సరే, చెప్పను."

తీరా బేరం కుదిరాక సరుకు లేదు. పిల్ల సిగ్గుకో, భయానికో, బిగదీసుకుపోయింది. సిస్టర్ వేడినీళ్లు తాగించింది, అరటిపండ్లు తినిపించింది, వార్డులో అటూ ఇటూ నడిపించింది. సంగతి తెలిశాక ఆమె నావైపు చూసిన చూపు గురించి రాయను. మేస్త్రి టీ తాగి వచ్చాడు. డాక్టరమ్మ ఆయన్ని బీపీ పరీక్షకు కూర్చోబెట్టి, ఆయనకే బీపీ ఉందని తేల్చి, ఉప్పు తగ్గించడం గురించి తీరిగ్గా మాట్లాడింది. వాన తగ్గుతోంది. బండి స్టార్ట్ చేస్తే ఇక వీళ్లు మళ్లీ రారు. నేను కిటికీ దగ్గర, చుట్టాల కారు కోసం చూస్తున్నవాడిలా, డబ్బా కోసం చూస్తూ నిలబడ్డాను.

చివరికి పైట కిందనుంచి ఒక చెయ్యి కిటికీలోకి వచ్చింది.

మూత తీశాను. తారు లాగా నల్లగా ఉంది. అంత నల్లటి సరుకును చూసి అంత సంతోషించినవాడు లోకంలో ఉండడు. సిస్టర్ గెలిచింది. తేల్చేదాకా కూడా ఆగలేకపోయాను, ఒక చుక్క కలిపి నేరుగా అద్దం కింద పెట్టాను. వెతకాల్సిన పని లేకపోయింది. పలచని పెంకు, కోలగా గాజుబుడగ లాంటి గుడ్డు, లోపల నాలుగు గింజలు గుమిగూడినట్టు కణాలు, చుట్టూ ఖాళీ జాగా. కొంకి పురుగు గుడ్డు. పలక కొంచెం జరిపాను. ఇంకొకటి. ఇంకా జరిపాను. మళ్లీ. డాక్టరమ్మ వచ్చి చూసింది, తర్వాత సిస్టర్ చూసింది.

"ఇన్ని తాగుతుంటే నా గోలీలు ఏం జేస్తయి?" అంది సిస్టర్ నెమ్మదిగా. నన్ను తిట్టడం కూడా మరిచిపోయింది.

ఇక మేస్త్రికి చెప్పడం మిగిలింది. డాక్టరమ్మ నావైపు చూసింది. మాట ఇచ్చింది నేను కదా.

"మేస్త్రిగారూ, పురుగులు దొరికినయి. చాలా ఉన్నయి," అన్నాను.

"మొన్న లేవంటివి?"

"అప్పుడు దొరకలేదు. ఇప్పుడు దొరికినయి."

"రెండుసార్లు తెచ్చిస్తే దొరకలే, ఇయ్యాల దొరికినయా?" మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. "సారూ, కండ్లద్దాలు మార్చుకోవాలె నువ్వు. అద్దంల చూసుడు కాదు, ముందు నీ అద్దాలు చూసుకో."

వరండాలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అబద్ధమేమీ చెప్పలేదు, నిజం మొత్తం చెప్పలేదు, అంతే. కొట్టు మనుషులకు ఇది కొత్త విద్య కాదు, కాకపోతే మొదటిసారి నాకు నష్టం వచ్చేలా వాడాను. తర్వాత రిటైరయ్యేదాకా ఆ ఊళ్లలో నా పేరు ‘చూపు ఆనని సారు’. నా రిపోర్టు చూసి, "ఇంకోసారి చూడు సారూ, మళ్ల దొరుకుతయేమో," అని వెనక్కి ఇచ్చినవాళ్లు కూడా ఉన్నారు.

అయితే గుడ్లు కళ్లారా చూపించాక మేస్త్రి మరి ఎదురు చెప్పలేదు. ఆయన్ని పిలిచి అద్దంలోకి చూడమన్నాం. చూసి, తల తీసి, మళ్లీ చూశాడు. "ఇవ్వి నా కోడలు కడుపులనా?" అన్నాడు. ఆ మధ్యాహ్నమే పిల్లకు గోలీ వేశాం. మర్నాడు ఆయనే జీపు మాట్లాడుకుని భద్రాచలం తీసుకెళ్లాడు. అక్కడ రక్తం ఎక్కించారు, నరానికి ఇనుము మందు పెట్టారు. వాగులు పొంగకముందే పిల్లను కాన్పుకు అక్కడే చేర్పించారు. సులువుగా ఏం కాలేదు, రక్తం పోయింది కూడా. పోయినా తట్టుకునేంత ఉంది అప్పటికి. ఆడపిల్ల పుట్టింది.

ఆ తర్వాత డాక్టరమ్మ మా పద్ధతి మార్చింది. డబ్బా ఇచ్చేటప్పుడు ఎంత తేవాలో, ఎప్పుడు తేవాలో చెప్పేవాళ్లం కదా. ఇంకో ప్రశ్న కలిపింది: దీన్ని ఎవరు మోసుకొస్తారు? ఎన్నో ఇళ్లలో ఆ ఒక్క ప్రశ్నకు ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం నేను చూశాను. అలాంటివాళ్లకు డబ్బా సిస్టరే వెళ్లి తెచ్చేది. పిల్లలూ, మీకు నేను చెప్పేది ఇదే. ముందు రంగు చూడండి. రంగు చూసి మనిషి మీద నేరం మోపకండి. డబ్బా మోసేవారెవరో అడగండి.

బిడ్డకు టీకాలు వేయించడానికి అందరూ కలిసి వచ్చారు. కోడలి పెదవులకు రంగొచ్చింది, కాళ్లకు చెప్పులున్నాయి. మేస్త్రి మనవరాలిని భుజాన వేసుకుని ల్యాబు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం సారూ, కండ్లద్దాలు మార్చినవా?" అన్నాడు మామూలుగా. తర్వాత కొంచెం గొంతు తగ్గించాడు. "నీకొకటి చెప్పాలె. మూడుసార్లు నా కోడలు డబ్బ బండికి తగిలిచ్చుకొని తెస్తుంటే సంఘంల నవ్విన్రు. మామవు, గిదేం పనిరా అన్నరు. నవ్వనీ అన్న. బిడ్డసొంటిది. మొగడు దగ్గర లేడు. నేను మొయ్యకుంటే ఎవరు మోస్తరు? నాకేం సిగ్గనిపించలే."

ఆయన వెనక నిలబడ్డ భార్య, మనవరాలి కాలి కడియం సరిచేయడంలో మునిగిపోయింది.

వాళ్లు బయటికి నడిచారు. ఆమె ఒక్కతే వెనక్కి వచ్చింది.

"సారూ, నాది మూడుసార్లు చూసినవ్ గద. నాకేం లేవు గద?"

"ఏం లేవమ్మా. శుభ్రంగున్నవ్."

"ఐతే గా కాయితం నా పేరు మీద రాసియ్యి. బడిల వంటోళ్లను పరీచ్చ కాయితం తెమ్మంటున్నరు."

"గట్ల పాతవాటి మీద రాయొద్దమ్మా. కొత్తగ ఒక డబ్బ తేవాలె."

ఆమె గుమ్మం బయటికి చూసింది. మేస్త్రి మనవరాలికి బండి హారన్ వినిపిస్తున్నాడు.

"తెస్త గాని, పొద్దున వంటకు పోవాలె, మోసేది మళ్ల ఆయననే. ఎవరిదంటే ఏం చెప్పాలె సారూ?"

నీదేనని చెప్పమ్మా, అనబోయాను. ఆమె నావైపు చూస్తున్న తీరు చూసి ఆగిపోయాను. డ్రాయరు లాగి, డబ్బా ఒకటి తీసి ఇచ్చి, రేపు సాయంత్రం వంట అయిపోయాక బడి దగ్గరికే నేనొచ్చి తీసుకుంటానన్నాను. మర్నాడు దాన్ని కవరులో పెట్టి, నా బండి హ్యాండిల్‌కు తగిలించుకుని నేనే మోశాను. దారిలో ఇద్దరు ఆపి అడిగారు, మిఠాయా అని.